క్యాంపర్ ట్రెయిలర్ యాక్సిల్ విరిగింది, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు ఉద్యోగం. భార్య, ఇద్దరు పిల్లలు, మామగారితో సెలవుల్లో తిరగడానికి ఆఫ్‌రోడ్ క్యాంపర్ ట్రెయిలర్ (కారు వెనక కట్టి లాక్కెళ్లే, మంచాలూ గుడారమూ ఉన్న బండి) కొనాలనుకున్నాను. ఆస్ట్రేలియా కుటుంబాల వీడియోలు చూస్తూ ఏడాది పాటు మోడళ్లు పోల్చి, వేరే రాష్ట్రంలోని ఒక తయారీదారు దగ్గర 9 లక్షల 40 వేలకు చేయించుకున్నాను. 2023 నవంబర్ 21న ఇంటికి వచ్చింది. 2024 సంక్రాంతి సెలవుల్లో మారేడుమిల్లి వెళ్తే ఘాట్‌లో యాక్సిల్ (ఇరుసు) వంగి, వెల్డింగ్ ఊడింది. పిల్లలతో రాత్రంతా రోడ్డు పక్కన గడిపాం. మామగారు ఇచ్చిన డబ్బు కావడంతో ఇంట్లో రోజూ గొడవ. తయారీదారు "మీరే గుంతల్లో తోలి పాడు చేశారు" అంటున్నాడు. రిజిస్ట్రేషన్ కూడా ఇంకా కాలేదు, పేపర్లు తర్వాత పంపుతామన్నారు. వ్యవసాయ ట్రెయిలర్ కింద నంబరు తెప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. వారాంతాల్లో సూర్యలంకలో అద్దెకిద్దామని మా బావమరిది అంటున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా? ఈసారి కొంటే ఎలాంటిది కొనాలి? (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం.)

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీలు ఘాట్‌లో ఆ రాత్రి గురించీ, ఇంట్లో గొడవల గురించీ రాశారు. అన్నీ చదివాను. కానీ మీ కేసును తేల్చే విషయం చివరి పేజీలో, అదీ మాటవరసకు ఒక్క వాక్యంలో రాశారు: "రిజిస్ట్రేషన్ కూడా ఇంకా కాలేదు." నేను మిగతాదంతా పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 2(28) మోటారు వాహనం అంటే ఏమిటో చెబుతుంది. అందులో ట్రెయిలర్ కూడా ఉంది. ఇంజన్ లేదు కదా, వెనక లాక్కెళ్లేదే కదా అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. సెక్షన్ 61 ప్రకారం మిగతా వాహనాల రిజిస్ట్రేషన్ నిబంధనలే ట్రెయిలర్‌కూ వర్తిస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించడం సెక్షన్ 39 ప్రకారం తప్పు. సెక్షన్ 192 కింద మొదటిసారి 5,000 రూపాయల వరకు జరిమానా, మళ్లీ దొరికితే 10,000 వరకు జరిమానా, ఏడాది వరకు జైలు కూడా పడొచ్చు. రిజిస్ట్రేషన్ కావాలంటే అమ్మినవాడు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం ఫారం 21, బండి రోడ్డుకు పనికొస్తుందని తయారీదారు ఇచ్చే ఫారం 22 ఉండాలి. ఆ ఫారం 22 వెనక, ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆ నమూనాకు ఇచ్చిన ఆమోదం ఉండాలి. మీ తయారీదారు ఇవేవీ ఇవ్వలేదు. దాదాపు రెండేళ్లుగా "తర్వాత పంపుతాం" అంటున్నాడంటే, ఆ ఆమోదమే అతని దగ్గర లేదని నా అనుమానం.

ఇది ఎందుకంత ముఖ్యమో చెబుతాను. యాక్సిల్ విరిగిందని కేసు వేస్తే అతను మూడు మాటలు అంటాడు: ఎక్కువ బరువు వేశారు, చేతకాకుండా తోలారు, మీ కారు దాన్ని లాగడానికి తగదు. అప్పుడు నిపుణుడి నివేదిక కావాలి, వాదనలు కావాలి, ఏళ్లు పడుతుంది. రిజిస్ట్రేషన్ విషయంలో అతనికి ఆ దారి లేదు. మీరు గుంతలో తోలడం వల్ల ఫారం 22 పోలేదు. అది మొదటి రోజు నుంచే లేదు. కుటుంబంతో రోడ్డు మీద తిరగడానికని అమ్మిన వస్తువు రోడ్డెక్కడానికే చట్టం ఒప్పుకోదంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అది లోపమే, అనుచిత వ్యాపార పద్ధతి కూడా. కాబట్టి ఫిర్యాదులో ఇది మొదటి అంశం, యాక్సిల్ రెండో అంశం. ఈ వరుస మార్చొద్దు.

ఇక మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. మీరు పంపిన ఇన్వాయిస్ కాపీలో "మెటల్ ఫ్యాబ్రికేషన్ వర్క్ – 1" అని ఉంది. క్యాంపర్ అని గానీ ట్రెయిలర్ అని గానీ లేదు, ఛాసిస్ నంబరు లేదు. 9 లక్షలు పెట్టి కొన్న వస్తువు పేరు బిల్లు మీద ఉందో లేదో చూసుకోలేదు. రేపు అతను "నేను బండి అమ్మలేదు, ఇనుప పని చేసిచ్చాను" అంటాడు. పైగా 6 లక్షల 40 వేలే బ్యాంకు ద్వారా పంపారు. మిగతా 3 లక్షలు రసీదు లేకుండా నగదు ఇచ్చారు. ఒక లావాదేవీలో 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకూడదని అప్పటి ఆదాయపు పన్ను చట్టం 1961 సెక్షన్ 269ఎస్‌టీ చెప్పింది. అందుకే అతను రసీదు ఇవ్వలేదు. మీరెందుకు అడగలేదు? అన్నిటికంటే పెద్ద తప్పు, విరిగిన యాక్సిల్‌ను ఆటోనగర్‌లో కొత్తది వేయించి, పాతది షెడ్డులోనే వదిలేసి వచ్చారు. మీ కేసులో అదే సాక్ష్యం. అది పాత ఇనుము కొట్టుకు పోతే యాక్సిల్ గురించి మీరు చెప్పేదానికి ఆధారం ఉండదు. ఈ జవాబు చదివిన రోజే వెళ్లి తెచ్చుకోండి. మెకానిక్ చేత ఏం విరిగిందో, ఏం మార్చాడో రాయించి, తేదీ వేయించి సంతకం తీసుకోండి.

అయినా మీకు ఒక మంచి ఆధారం ఉంది. డెలివరీ ముందు వాట్సాప్‌లో అతను "మిగతా మూడు అందాయి, క్యాంపర్ రెడీ, రిజిస్ట్రేషన్ మేమే చేయిస్తాం" అని పెట్టాడు. నగదు ముట్టిన సంగతి, అమ్మింది క్యాంపర్ అన్న సంగతి, రిజిస్ట్రేషన్ మాట, మూడూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి. ఆ ఫోన్ మార్చొద్దు, అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలనుకోకండి. భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్‌లో విచారణ క్లుప్తంగానే జరుగుతుంది గానీ, అవతలి న్యాయవాది అభ్యంతరం చెప్పేదాకా ఆగడం తెలివైన పని కాదు. అతని బ్రోషర్, "ఎలాంటి దారి అయినా సరే" అని వేసుకున్న ప్రకటన ఉంటే అవీ భద్రపరచండి. ఆఫ్‌రోడ్ అని అమ్మినవాడు గుంతల్లో తోలారని నింద వేయడం ఎలా కుదురుతుందో కమిషన్‌లో అతనే చెప్పుకోవాలి.

బరువు సంగతి కూడా తేల్చుకోవాలి. బ్రోషర్‌లో ఖాళీ బరువు 650 కిలోలని ఉందన్నారు. కాటా వేయించండి. అలాగని మీ కారు వెనక కట్టి వే బ్రిడ్జికి తీసుకెళ్లకండి, రోడ్డు మీదకు తేవడమే తప్పు. లారీ మీద ఎక్కించి లోడుతో ఒక చీటీ, దించాక ఖాళీ లారీకి ఒక చీటీ తీసుకోండి. రెండిటికీ తేడాయే ట్రెయిలర్ బరువు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కాటాలకు కొదవ లేదు. బ్రోషర్‌లో ఉన్నదానికంటే బాగా ఎక్కువ వస్తే, యాక్సిల్ వాదన కూడా మీవైపు తిరుగుతుంది.

ఇప్పుడు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు చేయాల్సిన కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. మీరు యాక్సిల్ విరిగిన సంక్రాంతి నుంచి లెక్కపెట్టుకుని 2026 జనవరి దాకా టైముందని రాశారు. తప్పు. రిజిస్ట్రేషన్ కాగితాలు లేకుండా డెలివరీ ఇచ్చింది 2023 నవంబర్ 21న. అతని న్యాయవాది అక్కడి నుంచే లెక్కపెడతాడు. అంటే 2025 నవంబర్ 20 మీకు ఆఖరి రోజని అనుకోండి. ఇది రాస్తున్నది 2025 సెప్టెంబర్ చివర్లో. మీరు ఇరవై సార్లు ఫోన్ చేసినా, పది ఈమెయిళ్లు పంపినా, వాళ్లు "చూస్తాం" అన్నా గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి. "ఇస్తామన్నారు, నమ్మి ఊరుకున్నాను" అన్న కారణంతో వచ్చి తలుపు దగ్గరే ఓడిపోయిన వాళ్లను నేను చూశాను. మంచి కేసు ఉండి కూడా తేదీ దాటి పోగొట్టుకోవడం కంటే బాధ ఇంకోటి లేదు.

ఏజెంటు మాట గురించి గట్టిగా చెబుతున్నాను: వద్దు. రైతు అయిన బంధువు పేరు మీద, ట్రాక్టర్ వెనక కట్టే వ్యవసాయ ట్రెయిలర్ కింద నంబరు తేవడం తప్పుడు వివరాలతో రిజిస్ట్రేషన్ పొందడమే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55(5) కింద దాన్ని రద్దు చేస్తారు. క్రిమినల్ కేసు మీ మీద, మీ బంధువు మీద పడుతుంది. ఏజెంటు కనపడడు. అంతకంటే ముందు మీ కేసు పోతుంది. రిజిస్ట్రేషన్ కాని బండి అమ్మాడని మీరు ఫిర్యాదు చేస్తే, "ఇదిగో నంబరు, రిజిస్ట్రేషన్ అయింది కదా" అని అతను చూపిస్తాడు. మీకున్న ఒకే ఒక్క బలమైన ఆయుధాన్ని ఏజెంటుకు పాతిక వేలిచ్చి మీరే అతని చేతిలో పెట్టినట్టు అవుతుంది. మీ కారు నంబరే వెనక రాయించుకుని తిరగమన్న సలహా కూడా వద్దు. సెక్షన్ 61 ప్రకారం లాగే బండి నంబరు ట్రెయిలర్ వెనక ఉండాలి, నిజమే. అది ట్రెయిలర్ సొంత రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు.

బావమరిది సలహా కూడా అంతే ప్రమాదం. లాభం కోసం వ్యాపారానికి వాడే వస్తువు కొన్నవాడు చట్టం దృష్టిలో వినియోగదారుడు కాడు. సూర్యలంకలో రెండు వారాంతాలు అద్దెకిచ్చి, ఆ ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే చాలు, మీరు వ్యాపారం కోసమే కొన్నారని అవతలివాళ్లు పట్టుకుంటారు. మీరు కొన్నది కుటుంబం కోసమే. అది అలాగే ఉండనివ్వండి.

అసలు అన్నిటికంటే నాకు భయం వేసింది ఇంకో దానికి. యాక్సిల్ మార్చాక రెండుసార్లు దాన్ని బాపట్ల దాకా తీసుకెళ్లానని రాశారు. రిజిస్ట్రేషన్ లేదు, ట్రెయిలర్‌కు బీమా లేదు. దారిలో అది ఊడి ఒక బైకు మీద పడితే ఆ కుటుంబానికి పరిహారం మీ జీతంలోంచి, మీ ఇంట్లోంచి ఇవ్వాల్సి రావచ్చు. బీమా ఉన్నా రిజిస్ట్రేషన్ లేకపోతే ఏమవుతుందో తెలుసుకోండి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటిన కారు దొంగతనానికి గురైన కేసులో, బీమా కంపెనీ చెల్లించనక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇకనుంచి ఆ ట్రెయిలర్ మీ ఇంటి గేటు దాటకూడదు.

చేయాల్సింది ఇది. ముందుగా గుంటూరు రవాణా శాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి: నా దగ్గర ఉన్న కాగితాలు ఇవి, ఈ ట్రెయిలర్‌ను రిజిస్టర్ చేయండి అని. కౌంటర్ దగ్గర "ఇది కాదండీ" అని నోటిమాటగా పంపేస్తే ఒప్పుకోకండి. రిజిస్ట్రేషన్ నిరాకరిస్తే కారణాలతో ఉత్తర్వు కాపీ ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 45లో ఉంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. ఆ నిరాకరణ కాగితం వస్తే, ఘాట్‌లో గడిపిన రాత్రి గురించి మీరు రాసిన మూడు పేజీల కంటే అదే ఎక్కువ పని చేస్తుంది. దానికోసం కేసు మాత్రం ఆపొద్దు, ఆ కాగితాన్ని కేసు వేశాక కూడా దాఖలు చేసుకోవచ్చు.

దసరా సెలవులు అయిన వెంటనే తయారీదారుకు లాయర్ నోటీసు ఇప్పించి 15 రోజులు గడువు పెట్టండి. అక్టోబర్ ఆఖరుకల్లా గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఇన్వాయిస్ కింద వాళ్ల ఊరి కోర్టులోనే వ్యాజ్యమని రాసుకున్నారని భయపడ్డారు. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది, ఆ షరతు చెల్లదు. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల వరకు. 5 నుంచి 10 లక్షల మధ్య చెల్లించిన వాటికి ఫీజు 200 రూపాయలే. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. డబ్బు మొత్తం వడ్డీతో వెనక్కి, రిపేరు ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు కోరండి. "ఇంకో ట్రెయిలర్ ఇస్తాం" అని రాజీకి వస్తే, ఫారం 21, 22 చేతిలో పడి మీ పేరు మీద రిజిస్ట్రేషన్ అయ్యేదాకా సంతకం పెట్టకండి.

మళ్లీ కొనే విషయం. మంచం ఎంత పెద్దది, గుడారం ఎన్ని నిమిషాల్లో లేస్తుంది అన్నవి తర్వాత. ముందు టైప్ అప్రూవల్ కాగితం, అంటే పరీక్షా సంస్థ ఆ నమూనాకు ఇచ్చిన ఆమోదం, చూపించమనండి. చూపించకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తర్వాత మీ కారు మాన్యువల్ తెరవండి. ఎంత బరువు లాగొచ్చో అందులో లేకపోతే కారు కంపెనీ నుంచి రాతలో తెప్పించుకోండి. షోరూమ్ కుర్రాడి మాట లెక్కలోకి రాదు. బరువంటే ఖాళీ బరువు కాదు. 100 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే 100 కిలోలు పెరుగుతుంది. నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దగ్గర ఉంటుంది. బ్యాటరీలు, మంచాలు, ఐదుగురి సామాను కలపండి. మీరు చూసిన వీడియోల్లోని ఆస్ట్రేలియాలో మొత్తం బరువు 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. మీదాంట్లో బ్రేకులే లేవని మీరే రాశారు. దాన్ని పిల్లలున్న కారు వెనక కట్టుకుని ఘాట్ దిగారు. ఆఫ్‌రోడ్ అన్న మాటకు అర్థం యాక్సిల్ ఎంత బరువుకు తయారైంది, చక్రాలకు విడివిడిగా సస్పెన్షన్ ఉందా, కారుకు తగిలించే జాయింటు అన్ని వైపులా తిరుగుతుందా అన్నవే. వీటిని అంకెలతో సహా ఇన్వాయిస్ మీదే రాయించుకోండి.

పాత యాక్సిల్, ఆ ఫోన్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇన్వాయిస్ అసలు కాపీ, రెండు కాటా చీటీలు తీసుకుని దసరా సెలవులు అయ్యాక మొదటి పనిదినం నాడే మీ న్యాయవాది దగ్గరికి వెళ్లండి.