గూడబాతులకు మనమేం చెయ్యగలం?

ప్రశ్న: పిల్లలతో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్తున్నాం. అక్కడికొచ్చే గూడబాతుల (పెలికాన్ పక్షుల) కోసం చందా ఇస్తే చాలా, ఇంకేమైనా చెయ్యాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఇవ్వండి, కాదనను. కానీ అక్కడ పక్షుల్ని ఇన్నేళ్లుగా కాపాడింది డబ్బు కాదండీ, అవి వస్తే ఊరికి మంచిదని నమ్మి, ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టుకున్నా, ఆ కంపునీ గోలనీ భరిస్తున్న ఊరివాళ్లు. వాళ్ల దగ్గరే టీ తాగండి, టిఫిన్ చెయ్యండి. పాత బైనాక్యులర్స్ ఉంటే బడికివ్వండి. గూళ్ల కింద కేకలొద్దు. తల్లి గొంతుసంచిలోకి పిల్ల తల దూర్చి చేపలు తినడం పిల్లలకు చూపించండి. అన్నట్టు, గూడబాతులు సైబీరియా నుంచి వస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి, అవి మన దక్షిణాసియావే!