ఆ సూది మందు తెచ్చింది నేనే

అడిగిన ప్రశ్న: "అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడటానికి మామూలు మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా? వేటగాళ్లను ఆపాల్సింది ప్రభుత్వమే కదా?"

వేటగాళ్ల సంగతి నాకు తెలియదు. మా ఊళ్లో రాబందుల మీద ఎవరూ తుపాకీ ఎత్తలేదు, వల వేయలేదు. అయినా పోయాయి. వాటిని పోగొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి రాస్తున్నా.

మాది కరీంనగర్ వైపు పల్లె. 1997 ఎండాకాలం, తొమ్మిదో తరగతి పరీక్షలైపోయి ఇంట్లో ఉన్నా. మా మైల ఎద్దు మేత మానేసి, ఒళ్లు కాలిపోతూ, లేవలేక పడుకుంది. పశువులకు సూదులు వేసే ఆయన వచ్చి చూసి, సిగరెట్ పెట్టె చింపి దాని మీద మందు పేరు రాసిచ్చాడు. బాపు నన్ను సైకిల్ మీద మండలానికి తరిమాడు. తెచ్చింది డైక్లోఫెనాక్. అప్పట్లో అది పశువులకు సంజీవని. కుంటుతున్న ఎద్దుకు పొద్దున వేస్తే మధ్యాహ్నం నాగలికి కట్టొచ్చు. జ్వరానికి అదే, వాపుకు అదే, ఏం జబ్బో అర్థం కాకపోతే మరీ అదే. మైల ఎద్దు కూడా లేచి రెండు గుక్కల కుడితి తాగింది. తెల్లారేసరికి చచ్చిపోయింది.

చెరువు కట్ట అవతల పడేశారు. అప్పటికే రాబందులు తగ్గాయని అవ్వ అంటుండేది, కానీ ఆ రోజు ఏడు వచ్చాయి. లెక్కపెట్టా. దిగేటప్పుడు రెక్కల చప్పుడు తడి దుప్పటి దులిపినట్టుంది. సాయంత్రం దాకా తింటూనే ఉన్నాయి. కుక్కలు దూరంగా కూర్చుని చూశాయి, దగ్గరికి రాలేదు.

రెండు రోజుల తర్వాత కట్ట మీది తాడిచెట్టు మీద ఒక రాబందు కూర్చుని ఉంది. మెడ వేలాడేసింది, మాములుగా కాదు, తల కాళ్ల దగ్గరికి వచ్చేంతగా. కునుకు తీస్తుందనుకుని రాయి విసిరా. తగిలింది కూడా. కొద్దిగా తల ఎత్తి మళ్లీ వేలాడేసింది. మర్నాడు చెట్టు కింద పడి ఉంది. ఎండదెబ్బ అన్నాడు బాపు. నేనూ అదే అనుకున్నా, ఏడేళ్లపాటు.

2004లో పేపర్లో చదివా. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని కోసి చూస్తే మూత్రపిండాలు పాడైపోయి, లోపలి అవయవాల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర ఉందట. కారణం డైక్లోఫెనాక్ వేసిన పశువు మాంసం. వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో మందున్నా చాలట, ఎందుకంటే ఒక్క గొడ్డు మీద గుంపు మొత్తం వాలుతుంది. పైగా ఆ పక్షి ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. తెల్లవీపు రాబందులు 1992లో వెయ్యి ఉంటే 2007 నాటికి ఒకటి మిగిలిన లెక్క. మా తాడిచెట్టు కింది రాబందును ఎవరూ కోసి చూడలేదు. అయినా నాకు అనుమానం లేదు, అది నా సైకిల్ మీద వచ్చిన మందే.

ఇదే ప్రశ్నకు జవాబుగా, రాబందులు సెల్ టవర్ల వల్ల పోయాయని రాసిన వాళ్లకో మాట. 1997లో మా మండలం మొత్తానికి ల్యాండ్‌లైన్లే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాట్సాప్‌లో వచ్చిందల్లా ఇక్కడ జవాబుగా పెట్టకండి. ఇంకోటి, లేపాక్షి వెళ్లి జటాయువుకు దండం పెట్టి వచ్చి, భూకబ్జాదారుల్ని రాబందులని తిట్టడం ఏం న్యాయం? చచ్చినదాన్ని తిని ఊరు శుభ్రం చేసే పక్షి అది. ఇప్పుడు గొడ్డు చస్తే జేసీబీ పిలవాలి, లేదంటే కుక్కల గుంపులు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడొద్దని 2006లోనే నిషేధించారు. మరి మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలు కొని గొడ్లకు పొడిచారు మనవాళ్లు. అందుకే 2015లో మనుషుల సూది మందు కూడా మూడు మిల్లీలీటర్లకు మించి సీసాలో ఉండకూడదన్నారు. రాబందులకు అలాగే హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మందుల్ని కూడా 2023లో పశువులకు నిషేధించారు. వీటి బదులు వాడదగ్గ, రాబందులకు హాని చేయని మందు మెలాక్సికామ్ 2006 నుంచీ ఉంది. కాబట్టి మామూలు మనిషి చేయగలిగింది మందుల షాపులో ఆ పేరు పలకడం. ఇంట్లో గొడ్లు లేనివాళ్లు ఏం చేయాలంటే, నాకు తోచడం లేదు.

పోయినేడు తమ్ముడి బర్రెకు కాలు వాచింది. మెలాక్సికామే తే అని ఫోన్లో గట్టిగా చెప్పా. షాపతను "రెండూ ఒకటే అన్నా, ఇదే మంచిగ పనిచేస్తది" అని ఇంకేదో చేతిలో పెట్టబోయాడట. తమ్ముడు తిట్టుకుంటూ ఇరవై కిలోమీటర్లు పోయి తెచ్చాడు. బర్రె మూడో రోజుకు సరిగ్గా నడిచింది. పెట్రోలు డబ్బులు మాత్రం నన్నే కొట్టమన్నాడు, ఫోన్‌పే చేశా.