ఐ-130 అప్రూవ్ అయింది, మరి వీసా ఎందుకు రాలేదు?

ప్రశ్న: మా పెళ్ళయి రెండున్నరేళ్ళయింది. మావారు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నారు, గ్రీన్‌కార్డు ఉంది. అది పెళ్ళికి ముందే వచ్చింది. వచ్చే మార్చికి అయిదేళ్ళు నిండుతాయి. పెళ్ళయిన రెండు నెలలకు నా పేరున ఐ-130, అంటే భార్యను తీసుకెళ్ళడానికి పెట్టే పిటిషన్, వేశారు. ఏడాదిన్నరకు అప్రూవల్ నోటీసు వచ్చింది. ఆ తర్వాత పది నెలలుగా ఏమీ కదల్లేదు. ఈలోగా పాప పుట్టింది, ఇప్పుడు పద్నాలుగు నెలలు. రేపోమాపో వెళ్ళిపోతానని నేను ఉద్యోగం మానేశాను. ఒక కన్సల్టెంటు విజిటర్ వీసా మీద వెళ్ళి అక్కడే గ్రీన్‌కార్డుకి మారిపోవచ్చంటున్నాడు. మావారి స్నేహితుడేమో అక్కడి కోర్టులో కేసు వేస్తే నెలలో వీసా చేతికొస్తుందంటున్నారు. చుట్టాలు అడిగినప్పుడల్లా తల కొట్టేసినట్టుంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ అప్రూవల్ నోటీసు తీసి ఎదురుగా పెట్టుకోండి. పైభాగంలో చిన్న చిన్న గడులుంటాయి. ఒక గడిలో రిసీట్ నంబరు, ఇంకో గడిలో ప్రయారిటీ డేట్ అని ఒక తేదీ. కాస్త కిందికి వస్తే ‘సెక్షన్’ అన్నచోట పర్మనెంట్ రెసిడెంట్ (అంటే గ్రీన్‌కార్డు ఉన్నవారి) భార్య లేదా భర్త అని, పక్కన 203(ఎ)(2)(ఎ) అని ఉంటుంది. మీ పది నెలల టెన్షన్‌కి సమాధానం ఆ రెండు గడుల్లోనే ఉంది.

ఐ-130 అప్రూవ్ కావడం అంటే మీది నిజమైన పెళ్ళేనని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ, అంటే యూఎస్‌సీఐఎస్, ఒప్పుకోవడం. అంతకుమించి ఏమీ కాదు. అమెరికా పౌరుడి భార్య అయితే ఆ ఒప్పుకోలుతోనే దారి తెరుచుకుంటుంది, ఎందుకంటే వాళ్ళ వీసాలకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళ భార్య, భర్త, 21 ఏళ్ళలోపు పెళ్ళికాని పిల్లలది వేరే లెక్క. వాళ్ళను ఎఫ్2ఎ అనే వరసలో నిలబెడతారు. ప్రపంచం మొత్తానికి కలిపి ఆ వరసకు ఏడాదికి దాదాపు 88 వేల వీసాలే. మీ ప్రయారిటీ డేట్, అంటే మీవారు ఐ-130 వేసిన తేదీ, ఆ వరసలో మీ టోకెన్.

కాబట్టి మీ ఫైలును ఎవరూ తొక్కిపెట్టలేదు. 2019 జూలై నుంచి 2023 మార్చి దాకా ఎఫ్2ఎలో అసలు వరసే లేదు, అప్రూవ్ అయిన వెంటనే ముందుకు వెళ్ళేవారు. అప్పుడు వెళ్ళినవాళ్ళు చెప్పిన మాటలు వినే చాలామంది ఇప్పుడు కంగారుపడుతున్నారు. 2023 ఏప్రిల్ నుంచి మళ్ళీ తేదీలు మొదలయ్యాయి. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ అని ఒక పట్టిక విడుదల చేస్తుంది. అందులో ఎఫ్2ఎ అడ్డవరసలో ఇండియా కింద ఉన్న తేదీ మీ ప్రయారిటీ డేట్‌ను దాటాలి. రెండు పట్టికలుంటాయి: కాగితాలు కట్టమని పిలిచేది ఒకటి, వీసా చేతికిచ్చేది ఇంకొకటి. వీసా చేతికిచ్చేదే అసలుది. నెలకోసారి చూస్తే చాలు, రోజూ కేస్ స్టేటస్ తెరిచి చూసినందువల్ల ఏమీ మారదు.

ఇక కోర్టు సంగతి. మన హైకోర్టులో వేసే మాండమస్ రిట్‌లాంటిదే అక్కడి ఫెడరల్ జిల్లా కోర్టులోనూ ఉంది. ఒక ఆఫీసు చేయాల్సిన పని చేయకుండా మరీ ఆలస్యం చేస్తే, చేయమని కోర్టు చెబుతుంది. కోర్టు ఫీజు 405 డాలర్లే, లాయరు ఫీజు మాత్రం వేలల్లో. కానీ మీ విషయంలో ఏ ఆఫీసూ చేయకుండా వదిలేసిన పనంటూ లేదు. వీసా నంబరు లేకపోతే జడ్జిగారు పుట్టించలేరు. ఒకవేళ అన్నీ సిద్ధంగా ఉండి కాన్సులేట్‌లో ఏళ్ళ తరబడి నానుతున్న కేసయినా సరే, కోర్టు ‘ఏదో ఒకటి తేల్చండి’ అనగలదే తప్ప ‘వీసా ఇవ్వండి’ అనలేదు. 2024 జూన్‌లో మున్యోజ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా తేల్చేసింది: భర్తనో భార్యనో దేశంలోకి రానివ్వమని అడిగే ప్రాథమిక హక్కు అమెరికా పౌరులకే లేదని. గ్రీన్‌కార్డు ఉన్నవారి సంగతి ఇక చెప్పక్కర్లేదు. మీవారి స్నేహితుడు చెప్పిన కేసు బహుశా ఏ హెచ్-1బి వ్యవహారమో, ఇంకేదో అయ్యుంటుంది. డబ్బు దాచుకోండి. అదనపు ఫీజు కడితే త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే కూడా నమ్మకండి, ఐ-130కి ఆ సదుపాయమే లేదు. మీవారి నియోజకవర్గ అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడి ఆఫీసు ఆరా తీయగలదు, వరసను మాత్రం జరపలేదు.

కన్సల్టెంటు మాట అంతకంటే ప్రమాదం. విజిటర్ వీసా ఫారం డీఎస్-160లో ‘మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా’ అని సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. అవునంటే, ‘ఈమె తిరిగి రాదు’ అని అక్కడికక్కడే తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. కాదంటే అబద్ధం. ఆ అబద్ధం బయటపడడానికి వాళ్ళకు పెద్దగా సమయం పట్టదు, పిటిషన్ ఉన్నది వాళ్ళ కంప్యూటర్లోనే. అసత్యం చెప్పి వీసా పొందాలని చూశారన్న ముద్ర పడితే అది జీవితాంతం నిషేధం, దాన్ని మాఫీ చేయించుకోవడానికి మళ్ళీ వేరే దరఖాస్తు, వేరే నిరీక్షణ. సరే, ఎలాగో వెళ్ళారనే అనుకుందాం. మీ తేదీ రాకుండా అక్కడ గ్రీన్‌కార్డుకి దరఖాస్తు చేయలేరు. వచ్చేదాకా ఉండిపోదామంటే ఇచ్చిన గడువు దాటిపోతుంది. గడువు దాటాక 180 రోజులకు మించి ఉండి బయటికొస్తే మూడేళ్ళు, ఏడాది అంతకుమించి ఉంటే పదేళ్ళు అడుగుపెట్టనివ్వరు. మీవారు పౌరుడై ఉంటే గడువు దాటడం ఒక్కటీ అడ్డు కాదు, ఇప్పుడాయన పౌరుడు కాదు. చేతిలో ఉన్న మంచి కేసును ఆ కన్సల్టెంటు చేతిలో పెట్టి పాడుచేసుకోవద్దు.

మీకు నిజంగా దగ్గరి దారి మీవారి సిటిజన్‌షిప్పే. అయిదేళ్ళు నిండడానికి 90 రోజుల ముందు నుంచే సిటిజన్‌షిప్ దరఖాస్తు, అంటే ఎన్-400, వేయొచ్చు. మార్చికి నిండుతాయంటే డిసెంబరులోనే అన్నమాట. లెక్కలో ఒక్కరోజు ముందుపడ్డా తిరగ్గొడతారు కాబట్టి ఓ నాలుగైదు రోజులు ఆగి వేయమనండి. ఆయన పౌరసత్వ ప్రమాణం చేసిన రోజున మీరు ఎఫ్2ఎ వరసలోంచి బయటికొచ్చి, వరసే లేని పౌరుడి భార్య కేటగిరీలో పడతారు. దరఖాస్తు వేసిన రోజు కాదు, ప్రమాణం చేసిన రోజు. ఆ సర్టిఫికెట్ కాపీనో, కొత్త పాస్‌పోర్టు పేజీనో వెంటనే నేషనల్ వీసా సెంటర్‌కి, అంటే అప్రూవ్ అయిన కేసుల వీసా కాగితాలు చూసే ఆఫీసుకి, పంపాలి. వాళ్ళంతట వాళ్ళకు తెలిసిపోతుందనుకుని నెలలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

ఇక్కడే మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. పాప. ఇప్పుడున్న ఎఫ్2ఎ కేసులో పాపకు వేరే పిటిషన్ అక్కర్లేదు, తల్లి కొంగు పట్టుకుని వచ్చినట్టు మీ కేసులోనే వస్తుంది. మీవారు పౌరుడైన మరుక్షణం ఆ వెసులుబాటు పోతుంది. పౌరుడి భార్య కేసులో పిల్లలకు తోకపట్టుకుని వచ్చే హక్కు లేదు, ప్రతి బిడ్డకూ విడిగా ఐ-130 ఉండాల్సిందే. ఇది తెలియక, తల్లికి ఇంటర్వ్యూ వచ్చాక పిల్ల కాగితాలు మొదలుపెట్టిన జంట ఒకటి నా దగ్గరికొచ్చింది. అమ్మకు వీసా చేతిలో ఉంది, పిల్లకు రిసీట్ కూడా రాలేదు. వీసా గడువు అయిపోతోందని ఆ అమ్మాయి మూడేళ్ళ పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి విమానమెక్కింది. ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసి, ‘ముందే చెప్పేవాళ్ళు లేకపోయారు సార్’ అంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పాప బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఆయన పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసుకుని, ఈ నెలలోనే పాప పేరున ఐ-130 వేయించండి. ఒకవేళ మీ ఎఫ్2ఎ తేదీయే ముందొచ్చేస్తే మీ కేసులోనే పాపను తీసుకెళ్ళొచ్చు, పోయేది ఆ ఒక్క ఫీజు. మీవారు ముందు పౌరుడైతే ఈ పిటిషనే పాపను కాపాడుతుంది. పైగా పౌరుడి కూతురిగా ఇమిగ్రెంట్ వీసా మీద తండ్రి దగ్గరికి వెళ్తే, అక్కడ దిగిన రోజునే పాప చట్టప్రకారం అమెరికా పౌరురాలవుతుంది.

మీవారికి ఒక్క హెచ్చరిక. పాపను చూడాలని బెంగ ఉంటుంది, రావాలి కూడా. కానీ ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటకూడదు. దాటితే అమెరికాలో నివాసం తెగిపోయిందేమోనని సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో నిరూపించుకోవాల్సి వస్తుంది. ఏడాది దాటితే ఆ అయిదేళ్ళ లెక్కే చెడుతుంది. రెండు మూడు వారాల చొప్పున ఎన్నిసార్లు వచ్చినా ఫరవాలేదు, అయిదేళ్ళలో సగం రోజులు అక్కడ ఉంటే చాలు. వచ్చిన ప్రతిసారీ బోర్డింగ్ పాసులు దాచండి, రేపు మీ ఇంటర్వ్యూలో అవే సాక్ష్యం.

ఈ ఖాళీ సమయంలో చేయాల్సిన అసలు పని మీ పేరు సంగతి చూసుకోవడం. మన తెలుగువాళ్ళ ఫైళ్ళు చివర్లో ఎక్కువగా ఇక్కడే తట్టుకుంటాయి. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలో ఉంటుంది. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో రిజిస్ట్రారు గుమస్తా అలవాటుకొద్దీ అత్తింటి ఇంటిపేరు రాసేస్తాడు. ఐ-130లో మీవారు ప్రేమగా తన ఇంటిపేరు తగిలిస్తారు. చూసే ఆఫీసరుకు నలుగురు మనుషులు! నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూడండి. పాస్‌పోర్టులో ఉన్నదే మూలం. మిగతా రూపాలన్నీ ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు డీఎస్-260 ఫారంలో ‘ఇతర పేర్లు’ అన్నచోట రాయాలి, ఒక్కటీ వదలకూడదు. అందరూ ఒకే వ్యక్తి అని ఒక నోటరీ అఫిడవిట్ చేయించి ఉంచుకోండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని మన చట్టంలో ఎక్కడా లేదు. కేసు మధ్యలో పాస్‌పోర్టులో పేరు మార్పించడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. రిజిస్ట్రారు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్ చేతిలో ఉండాలి, శుభలేఖ, గుడి రసీదు దానికి బదులు కావు.

ఈమెయిల్ ఒకసారి చూసుకోండి. నేషనల్ వీసా సెంటర్ ఉత్తరాలన్నీ మెయిల్‌కే వస్తాయి. ఫారంలో ఏ ఏజెంటు మెయిలో ఇచ్చి ఉంటే ఇప్పుడే మార్పించండి. తేదీ వచ్చిందని పిలిచాక ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేకపోతే కేసు మూసేసే అధికారం వాళ్ళకుంది.

మిగతావి తేదీ దగ్గరపడ్డాక చూసుకోవచ్చు. మీవారి ఆదాయం, మీ ముగ్గురి కుటుంబానికి అక్కడి ప్రభుత్వం ప్రకటించే పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. ఉద్యోగం ఉందన్నారు కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు. మెడికల్ పరీక్ష ఇంటర్వ్యూ లెటర్ వచ్చాకే చేయించుకోండి, ముందు చేయిస్తే దాని గడువు అయిపోయి వీసాకు అడ్డొస్తుంది. ఇంటర్వ్యూకి సాధారణంగా ముంబై వెళ్ళాల్సి ఉంటుంది. అక్కడ ఏదైనా కాగితం తగ్గిందని 221(జి) చీటీ ఇస్తే అదే ఆఖరి తిరస్కారమని ఏడవకండి, అడిగింది ఏడాదిలోపు ఇస్తే కేసు అక్కడి నుంచే నడుస్తుంది. ఈ ఆలస్యం చేసిన మేలు కూడా ఒకటుంది: పెళ్ళయి రెండేళ్ళు దాటాక దిగుతున్నారు కాబట్టి రెండేళ్ళ షరతుల కార్డు కాకుండా నేరుగా పదేళ్ళ గ్రీన్‌కార్డు వస్తుంది.

ఉద్యోగం విషయం. మీ వీసాకు మీ ఉద్యోగంతో సంబంధం లేదు, చేసినా చేయకపోయినా ఫైలు అదే వేగంతో నడుస్తుంది. తేదీ వచ్చినా కాగితాలకు, ఇంటర్వ్యూకు ఇంకొన్ని నెలలు పడుతుంది, నోటీసు పీరియడ్‌కి అది ఎక్కువే. పాపను చూసుకునేవాళ్ళు ఉంటే చేరిపోండి. చుట్టాలకు మాత్రం ‘ప్రాసెస్‌లో ఉంది’ అని చెప్పకండి, ఆ మాటకే ఇంకో పది ప్రశ్నలొస్తాయి. ‘మా నంబరు ఇంకా రాలేదు, నెలకోసారి పట్టిక చూస్తున్నాం’ అనండి. నిజం కూడా అదే.