ఎచింగ్ చదువుకు బ్రిటన్ పంపేముందు

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్ఏ పెయింటింగ్ చివరి ఏడాదిలో ఉంది. బ్రిటిష్ ప్రకృతి దృశ్యాల ఎచింగ్‌లంటే (లోహపు రేకుపై గీసి, యాసిడ్‌తో గీతల్ని లోతు చేసి తీసే అచ్చులు) ప్రాణం. డిగ్రీ అవగానే అక్కడే ప్రింట్‌మేకింగ్‌లో (అచ్చుచిత్రాల కళ) ఎంఏ చేస్తానంటోంది. అప్పు చేసి పంపమంటారా? - ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఈ ఏడాదే వద్దండి. అక్కడి ఎంఏలు చాలావరకు ఏడాదిలో అయిపోతాయి. ప్లేట్ (గీసే రేకు) తయారీ దగ్గర్నుంచి అక్కడే మొదలుపెడితే సొంత పనికి టైం మిగలదు. ముందు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, శాంతినికేతన్ కళాభవన్‌లలో ప్రింట్‌మేకింగ్ పీజీకి దరఖాస్తు పెట్టించండి. చిత్తూరు జిల్లాలో పుట్టిన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారు కూడా శాంతినికేతన్‌లో చదివాకే లండన్ స్లేడ్ స్కూల్‌కి వెళ్లారు.

ఇక్కడినుంచి అమ్మాయికి చూపించండి. ల్యాండ్‌స్కేప్ ఎచింగ్‌లో దూరాన్ని చూపేది ప్రధానంగా యాసిడ్‌లో ఉంచే సమయమే; ఎక్కువసేపు ఉంచితే గీత లోతై నల్లగా పడుతుంది. 16 గేజ్ జింక్ రేకు అంచుల్ని 45 డిగ్రీల వాలుగా ఆకురాయితో అరగదీయాలి. లేదంటే ప్రెస్‌లో కాగితం, దానిపై పరిచే ఫెల్ట్ (ఉన్ని గుడ్డ) రెండూ తెగుతాయి. సుద్దపొడి, అమోనియాతో రుద్దాక నీళ్లు పూసలుగా విడిపోకుండా రేకంతా పరుచుకుంటే జిడ్డు పోయినట్టే. గ్రౌండ్ (యాసిడ్ తగలకుండా కాపాడే మైనపు పూత) వేసి, సూదితో గీశాక పది పాళ్ల నీళ్లలో ఒక పాలు నైట్రిక్ యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకూడదు. దూరపు కొండల్ని 2-3 నిమిషాలకే తీసి, కడిగి, ఆరాక వార్నిష్‌తో మూసేయాలి. మధ్యలోని పొలాలకు ఇంకో 5 నిమిషాలు, ముందున్న చెట్టుకు ఆపైన 10-15. మన ఎండల్లో యాసిడ్ వేడెక్కి ఈ లెక్క తప్పుతుంది, కాబట్టి అదే రేకు ముక్క మీద ముందు పరీక్ష తప్పదు. గీతలపై బుడగల్ని ఈకతో తుడవకపోతే గీత గరుకుగా వస్తుంది. ఖాళీ ఆకాశంలో చుక్కలు పడ్డాయంటే గ్రౌండ్ పలచనైనా అయుండాలి, వేలి జిడ్డైనా మిగిలుండాలి.

తర్వాత తేల్చుకోవాల్సింది, తనకు నచ్చింది గీతా, టోనా (నీడల ఛాయలు) అన్నది. బ్రిటిష్ చిత్రకారుల్లో శామ్యూల్ పామర్ 1879లో చేసిన 'ది లోన్లీ టవర్'లో రాత్రి చీకటంతా దట్టమైన గీతలే. నార్మన్ ఆక్రాయిడ్ (1938-2024) సముద్రపు వానను, పొగమంచును ఆక్వాటింట్‌తో (గీతలు లేకుండా సన్నని చుక్కలతో ఛాయలు తెచ్చే పద్ధతి) తెచ్చారు. టర్నర్ 'లైబర్ స్టూడియోరం'లో (1807-19) గీత ఎచింగ్‌ది, నీడలు మెజోటింట్‌వి (రేకంతా గరుకు చేసి, వెలుగు కావాల్సినచోట నునుపు చేసే పద్ధతి). దరఖాస్తులో "బ్రిటిష్ ల్యాండ్‌స్కేప్ ఇష్టం" అని రాస్తే తన అభిరుచి ఏమిటో సెలక్షన్ కమిటీకి తెలియదు. ఫొటోలు చూసి గీసిన ఇంగ్లండ్ కొండలు పోర్ట్‌ఫోలియోలో అసలే వద్దు. మీ చుట్టూ ఉన్న గుట్టలు, చెరువు కట్టలు చాలు. ఒకే ప్లేట్ మూడు దశల ప్రూఫ్‌లు (పరీక్ష అచ్చులు) వరుసగా పెడితే చేతి పట్టు తెలుస్తుంది. ఒక హెచ్చరిక: తెలిసిన కోట గీస్తే అచ్చులో కుడిఎడమలవుతుంది.

సంపాదన సంగతి. 1920లలో బ్రిటన్‌లో ఎచింగ్‌లను షేర్లలా కొన్నారు. 1929 తర్వాత ఆ గిరాకీ కుప్పకూలింది. పామర్ బాటలో ఎచింగ్‌లు చేసిన గ్రాహం సదర్లాండ్ లాంటివారు పెయింటింగ్‌కి మళ్లారు. ఈ రోజుకీ అచ్చులు అమ్ముకునే బతికేవాళ్లు తక్కువ. ఇతరుల ఎడిషన్లు (ఒకే ప్లేట్ నుంచి తీసే నిర్ణీత సంఖ్య అచ్చులు) అచ్చువేయడం, వర్క్‌షాప్ టెక్నీషియన్ పని, పాఠాలు చెప్పడం కలిపితేనే గడుస్తుంది. పైగా స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం. సొంత అచ్చులమ్మి ఫీజు కడతానంటే కుదరదు. అప్పు లెక్కలో ఆ రాబడి వేయకండి.

ఈ లోపు ఇంట్లో సాధన చేస్తానంటే నైట్రిక్ తేనివ్వకండి, దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం. జింక్‌కి మైలుతుత్తం, ఉప్పు సమపాళ్లలో నీళ్లలో కలిపి వాడవచ్చు. ఎర్రగా పేరుకునే రాగి మడ్డిని మెత్తని బ్రష్‌తో తీస్తుండాలి. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాడేసిన ద్రావణాన్ని డ్రైనేజీలో పోయకుండా డబ్బాలో దాచి కాలేజీ ల్యాబ్‌కి ఇవ్వమనండి.