కిడ్నీలు బాగున్నాయన్నారు, అయినా లేవలేకపోతున్నాను

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. నాకు 34 ఏళ్లు. విశాఖలో వెల్డర్‌గా పనిచేసేవాణ్ణి. మూడేళ్ల క్రితం పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నీరసం తగ్గలేదు. రాత్రంతా పడుకున్నా నిద్రపోయినట్టు ఉండదు. కాసేపు నిలబడితే కళ్లు తిరుగుతాయి. మాట్లాడుతూ మధ్యలో ఏం చెబుతున్నానో మరచిపోతాను. పని మానేసి ఊరికి వచ్చేశాను. మా వైపు నీరసం అంటే మొదట కిడ్నీలనే అనుమానిస్తారు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే బాగానే ఉందన్నారు. ఆ రోజు ఇంట్లో అందరూ సంబరపడ్డారు. మర్నాటి నుంచి నన్ను చూసే చూపు మారిపోయింది. ఇంకా చాలా పరీక్షలయ్యాక విశాఖలో ఒక డాక్టరు ఇది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే ఏళ్ల తరబడి వదలని నీరసపు జబ్బు అని, దీనికి మందు లేదని చెప్పారు. నా భార్య పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పనికి వెళుతోంది. పిక్కలు ఒలిచి నల్లబడిన చేతులతో సాయంత్రం ఇంటికొస్తే, లేచి మంచినీళ్లు కూడా ఇవ్వలేకపోతున్నాను. బావమరిది పెళ్లిలో ఓపిక తెచ్చుకుని రెండు రోజులు తిరిగాను. ఆ తర్వాత పదిహేను రోజులు మంచం దిగలేదు. "పెళ్లికి ఓపిక ఉంటుంది, పనికి ఉండదు" అన్నారు మా నాన్న. మా అబ్బాయికి ఎక్కాలు చెప్పడం తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయాను. నేను లేకపోతే వీళ్లకు ఒక భారం తగ్గుతుందనిపిస్తోంది. ఇక నేను ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు మీరు చివరగా రాసిన మాట గురించి. "నేను లేకపోతే" అన్నారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా? సూటిగానే అడుగుతున్నాను. వస్తుంటే ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగవద్దు, ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోను చేయండి. అది మనసు బాగాలేనివారి కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ, టెలీమానస్. పగలైనా రాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్న మనిషికి, అందులోనూ ఎవరూ నమ్మని జబ్బుతో ఉన్న మనిషికి ఇలాంటి ఆలోచన రావడం వింత కాదు. కానీ దాన్ని ఒంటరిగా మోయకూడదు. మీ భార్యకు తగ్గాల్సిన భారం చాకిరీ. మీరు పోతే ఆ చాకిరీ అంతా అలాగే ఉంటుంది, దాని మీద దుఃఖం వచ్చి చేరుతుంది.

ఇక మీ ఇంటి సంగతి. మీ ఉద్దానంలో, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో అందరికీ తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయంటే దాని వెనుక అంత వేదన ఉంది. అలాంటి చోట క్రియాటినిన్ బాగుందంటే బతికిపోయామనుకుంటారు. అందులో తప్పు లేదు. చిక్కల్లా దాని తర్వాతే వచ్చింది. కిడ్నీ జబ్బు కాకపోతే ఇక జబ్బే లేదని మీవాళ్లు తేల్చేశారు. మీ శరీరం కాగితం మీద బాగుంది, మంచం మీద బాగాలేదు. నేను నమ్మేది మంచం మీద ఉన్న మనిషిని.

ఇది మీరు కల్పించుకున్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీన్ని నాడీ సంబంధ వ్యాధుల కింద చేర్చింది. ఆరు నెలలకు మించిన తీవ్రమైన నీరసం, ఎంత పడుకున్నా తీరని అలసట, శ్రమ తర్వాత కూలబడిపోవడం, మతిమరుపు లేదా నిలబడితే కళ్లు తిరగడం. 2015లో అమెరికా వైద్య నిపుణులు దీన్ని గుర్తించడానికి చెప్పిన లక్షణాలు ఇవి. మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి. చాలామందికి ఇది ఏదో ఒక జ్వరం తర్వాతే మొదలవుతుంది. కోవిడ్ తర్వాత ఇలా అయినవాళ్లు ఎందరో.

మీ నాన్నగారి మాట మిమ్మల్ని బాగా కోసినట్టుంది. ఆ మాటకు జవాబు ఈ జబ్బు నడకలోనే ఉంది. మామూలు మనిషి పని చేస్తే ఆ సాయంత్రం అలసిపోతాడు, పడుకుని లేస్తే సరిపోతుంది. ఈ జబ్బులో దెబ్బ ఆలస్యంగా తగులుతుంది, తరచుగా పన్నెండు గంటల నుంచి రెండు రోజుల తర్వాత. పెళ్లిలో తిరుగుతున్న మిమ్మల్ని ఊరంతా చూసింది. రెండు రోజుల తర్వాత ఎందుకు పడిపోయారో ఎవరికీ అర్థం కాలేదు, బహుశా మీకు కూడా. మధ్యలో ఆ ఎడం వల్ల పెళ్లికీ మంచానికీ సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు. అక్కడే మీకు సోమరి అన్న పేరు పుట్టింది.

అందుకే మీరు కాచుకోవాల్సింది బాగున్న రోజును. ఒళ్లు కాస్త తేలికగా ఉంటే చాలు, పేరుకుపోయిన పనులన్నీ ఆ పూటే ముగించి, ఇంట్లో అందరికీ నిరూపించుకోవాలనిపిస్తుంది. ఆ నిరూపణకే మీరు రెండు వారాలు చెల్లిస్తున్నారు. బాగున్న రోజున చేయగలననిపించిన దానికంటే తక్కువ చేసి ఆగండి. అలసట వచ్చాక కాదు, రాకముందే పడుకోండి. స్నానం పీట మీద కూర్చుని చేయండి. బట్టలు మడతపెట్టడం లాంటివి మంచం మీద కూర్చుని, సగం ఇప్పుడు, సగం సాయంత్రం. విశాఖ ప్రయాణం కూడా శ్రమేనని గుర్తుంచుకోండి. చిన్న సందేహాలకు ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచే ఇ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవలో డాక్టరుతో మాట్లాడే వీలుందేమో ఏఎన్ఎంను అడగండి. ఒక నోటు పుస్తకంలో రోజూ రెండు వాక్యాలు రాయండి: ఏం చేశాను, ఎలా ఉన్నాను. నెల తిరిగేసరికి ఏ పని తర్వాత ఎన్నో రోజున పడుతున్నారో మీ చేతిరాతే చెబుతుంది.

"రోజూ కాస్త కాస్త నడక పెంచు, బలం అదే వస్తుంది" అని మీకు చాలామంది చెప్పే ఉంటారు. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పేవారు. ఈ జబ్బులో లెక్క ప్రకారం వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతిని వాడవద్దని 2021లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెప్పాయి. చాలా జబ్బులకు మేలు చేసే నడక ఇక్కడ బలవంతంగా చేస్తే కీడు చేయవచ్చు. ఎవరైనా ఒత్తిడి చేస్తే ఈ సంగతి చెప్పండి.

మరో రెండు జాగ్రత్తలు. నీరసం అనగానే సెలైన్ ఎక్కించి, బలానికని ఇంజక్షన్ ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మీ భార్య రెక్కల కష్టం అటు పోనివ్వకండి. డాక్టరు చెప్పకుండా ఒళ్లు నొప్పుల మాత్రలు మింగకండి. అవి కిడ్నీలను దెబ్బతీయగలవు, ఉద్దానంలో ఉంటూ ఆ ప్రమాదం అసలే వద్దు. క్రియాటినిన్ ఒకసారి బాగుందని వదిలేయకుండా డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ చూపించుకోండి. థైరాయిడ్, రక్తహీనత, షుగరు, బి12, క్షయ పరీక్షలు కూడా అయ్యాయా అని పాత కాగితాలు తీసి చూడండి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, ఛాతీలో నొప్పి లాంటివి కొత్తగా వస్తే పాత జబ్బే కదా అనుకోకుండా వెంటనే వెళ్లండి.

ఆశ సంగతి అడిగారు. మీకు అబద్ధం చెప్పను. చిన్నతనంలో కాక, పెద్దయ్యాక ఈ జబ్బు వచ్చినవారిలో పూర్తిగా మునుపటిలా అయ్యేవారు తక్కువ. మెరుగుపడినవారు ఉన్నారు. పడిపోయే రోజులు తగ్గి, ఇంట్లో తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చినవారు ఉన్నారు. జబ్బును నయం చేసే మందు లేదంటే మీకు చేయగలిగింది ఏమీ లేదని అర్థం కాదు. నిద్రకు, నొప్పికి, నిలబడితే కళ్లు తిరగడానికి డాక్టర్లు చేయగలిగింది ఉంది, విడివిడిగా అడగండి. పరిశోధన కూడా ఆగిపోలేదు. 2025లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పదిహేను వేలకు పైగా రోగుల జన్యువులను పరిశీలించి, ఎనిమిది చోట్ల తేడాలు కనిపించాయని వెల్లడించారు. రేపే మందు వస్తుందని కాదు. కానీ జబ్బు మూలం శరీరంలోనే వెతుకుతున్నారు, మీ మనసులో కాదు.

మందు వచ్చే రోజుకో, మళ్లీ వెల్డింగ్ యంత్రం పట్టే రోజుకో మీ ఆశనంతా ముడిపెట్టకండి. అలా ముడిపెడితే ప్రతి ఉదయం ఒక ఓటమిలా మొదలవుతుంది. ఈ నెలలో మూడుసార్లు పడిపోతే వచ్చే నెల రెండుసార్లే కావాలని ఆశపడండి. ఇది మీ చేతిలో కొంతైనా ఉన్న ఆశ.

అబ్బాయికి ఎక్కాలు చెప్పడాన్ని మీరు ఒక్క వాక్యంలో తీసిపారేశారు. రోజంతా పని చేసి వచ్చే తల్లికి ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి చదివించే తీరిక ఉందా? మీ ఇంట్లో ఆ పని చేసేది మీరొక్కరే. ఓపిక మిగిల్చుకోవాల్సింది దానికి. మంచం మీద పడుకుని అప్పజెప్పించుకున్నా వాడికి ఎక్కం వస్తుంది.

మీ భార్య గురించి ఒక మాట. ఆమె కూడా అలసిన మనిషే. మీ అలసటకు పేరు దొరికింది, ఆమె అలసటను ఎవరూ అడగడం లేదు. మీ బాధ వివరించే ముందు ఆ చేతులు ఎలా ఉన్నాయో అడగండి. మంచినీళ్ల సంగతి అంటారా, ఒంట్లో ఓపిక ఉన్న పూటే చెంబు నింపి గడప దగ్గర పెట్టి ఉంచవచ్చు.

ఆమెకు సెలవున్న రోజు చూసుకుని ఈ ఉత్తరం చదివి వినిపించండి, ముఖ్యంగా రెండు రోజుల ఆలస్యం గురించి రాసిన భాగం. మీ నాన్నగారితో అదే రోజు మాట్లాడవద్దు. నెల రోజుల నోటు పుస్తకం చేతిలో ఉన్నప్పుడు ఆయన ముందు కూర్చోండి, పక్కన మీ భార్యను ఉండమనండి. మాట మధ్యలో మరచిపోతే ఆమె అందిస్తుంది. ఆ సంభాషణకు ముందు రోజూ తర్వాతి రెండు రోజులూ మరే పనీ పెట్టుకోకండి.