పాత మ్యూజిక్ బాక్స్‌ను పాలిష్ చేయించి షోకేస్‌లో పెట్టొచ్చా?

హనుమకొండలో మీ తాతగారింట్లో దొరికిన పెట్టెలో ముళ్లున్న ఇత్తడి సిలిండర్, దువ్వెన లాంటి ఉక్కు పలక, మూత మీద పూలు ఉన్నాయన్నారు. షోకేస్‌లో నిశ్చింతగా పెట్టుకోండి. పాలిష్ మాత్రం వద్దండి.

శ్రుతి చేసిన ఉక్కు పళ్లతో పాట పలికించే పద్ధతిని 1796లో జెనీవాలో ఆంత్వాన్ ఫావ్ర్ అనే గడియారాల పనివాడు చూపించాడు. సిలిండర్ తిరుగుతుంటే ఒక్కో ముల్లు ఒక్కో పన్నును మీటుతుంది. పొడవు పన్ను మంద్రం, పొట్టిది తారస్థాయి. గ్రామఫోన్‌లా రికార్డు చేసిన శబ్దం కాదిది, అక్కడికక్కడే పుట్టే సంగీతం. నాకు అందుకే ఇవంటే అంత ఇష్టం.

మూత మీది పూలు చాలావరకు రంగు వేసినవి కాకుండా, రకరకాల చెక్కల పలుచని రేకులు పొదిగినవై ఉంటాయి. గరుకు కాగితం పెడితే ఆ రేకులే అరిగిపోతాయి. ఇత్తడినీ తళతళలాడించకండి. పెంబర్తి ఇత్తడి పని చూసిన కళ్లకు మెరుపు కావాలనిపిస్తుంది గానీ, ఆ పాత ఛాయలోనే దీని అందం, విలువ ఉన్నాయి. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. మన మే నెల ఎండ, కూలర్ గాలి తగలనివ్వకండి, రేకులు లేచిపోతాయి.

ముఖ్యంగా, స్ప్రింగ్‌కు కీ ఇచ్చి ఉండగా వేగాన్ని అదుపు చేసే చిన్న ఫ్యాన్‌ను ఎవరినీ విప్పనివ్వకండి. సిలిండర్ ఒక్కసారిగా గిర్రున తిరిగి ముళ్లు, పళ్లు విరిగిపోతాయి. గడియారాల మెకానిక్ అయినా ముందు స్ప్రింగ్ బిగువు పూర్తిగా దించాకే చెయ్యి పెట్టాలి.