అలర్ట్ బాక్స్ వచ్చింది సరే, ఉద్యోగం ఎలా వస్తుంది?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి నా ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, కస్టమర్ పేరు గడిలో స్క్రిప్ట్ ట్యాగ్ ఇస్తే ఇన్‌వాయిస్ పేజీలో అలర్ట్ వచ్చింది. ఈ క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ (ఒకరు ఎక్కించిన కోడ్ ఇంకొకరి బ్రౌజర్‌లో నడవడం) మీదే పట్టు సాధించి సెక్యూరిటీ ఉద్యోగంలో చేరాలనుంది. అమీర్‌పేటలో సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) కోచింగ్ తీసుకోమంటారా? మా కాలేజీ ఫీజుల పోర్టల్‌లోనూ ఇలాగే పరీక్షించొచ్చా?
– ఓ విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు చివరి ప్రశ్న సంగతి తేలుద్దాం. కాలేజీ పోర్టల్ జోలికి వెళ్లొద్దు. రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరి సర్వర్‌లో ఇలాంటివి చేస్తే ఐటీ చట్టం-2000లోని 43, 66 సెక్షన్ల కింద కేసు పెట్టే వీలుంది. 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. మంచి ఉద్దేశంతోనే చేశానని పోలీసులకు చెప్పుకుంటూ తిరగడం మీకెందుకు? సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని మాత్రం ఎంతైనా గుచ్చి చూడండి.

అలర్ట్ వచ్చిందంటే స్క్రిప్ట్ నడిచిందని అర్థం, అంతే. ఇంటర్వ్యూలో అడిగేది వేరు: ఆ గడిలో రాసే వీలు ఎవరికి ఉంది, అది ఎవరి తెర మీద నడుస్తుంది, నడిస్తే ఏం పోతుంది? మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. పేరు ఎక్కించేది సేల్స్ కుర్రాడు, ఇన్‌వాయిస్ తెరిచేది అకౌంట్స్ మేనేజర్. అంటే స్క్రిప్ట్ నడిచేది మేనేజర్ లాగిన్‌లో. ‘కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ పెట్టాం, ఏం కాదు’ అనే డెవలపర్లు చాలామందే ఉంటారు. ఆ ఫ్లాగ్ పెడితే, లాగిన్‌ను గుర్తుంచే కుకీని స్క్రిప్ట్ చదవడం కుదరదు, నిజమే. కానీ చదవాల్సిన అవసరమేముంది? అదే పేజీలో ఉండి, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (రిక్వెస్టు ఆ సైటు పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య కోడు) కూడా అక్కడే అందుకుని, సరఫరాదారు బ్యాంకు ఖాతా నంబరు మార్చమని మేనేజర్ పేరుతోనే రిక్వెస్టు పంపేస్తుంది. మీ రిపోర్టులో కనపడాల్సింది ఇది. అడ్మిన్ మాత్రమే రాయగలిగి, అడ్మిన్ తెర మీదే నడిచే లోపానికి పెద్ద విలువ ఉండదు. ఎవరి బ్రౌజర్‌లో వాళ్లే పేస్ట్ చేసుకుంటే తప్ప నడవని దాన్నయితే అసలు లోపంగానే తీసుకోరు.

వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో డేటా వచ్చేది ఒక్క ఫారం నుంచే కాదు. ఎక్సెల్ ఇంపోర్ట్, మొబైల్ యాప్ సర్వర్‌తో మాట్లాడే ఏపీఐ, సపోర్ట్ మెయిల్‌కి వచ్చి టికెట్‌గా మారే ఉత్తరం, అప్‌లోడ్ చేసిన ఫైలు పేరు, లోపల స్క్రిప్ట్ దాచగలిగే ఎస్‌వీజీ బొమ్మలు... ఫారంలో తనిఖీ గట్టిగా పెట్టి ఇంపోర్ట్‌ను గాలికొదిలేయడం మామూలే. అక్కడ వెతకండి.

కోడ్ చదవడం మొదలుపెడితే వేట ఇంకా తేలికవుతుంది. వెబ్ సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడే జాంగో టెంప్లేట్లు, రియాక్ట్ తమంతట తామే అక్షరాలను ఎస్కేప్ చేస్తాయి, అంటే కోడ్‌గా నడవకుండా మామూలు అక్షరాలుగా చూపిస్తాయి. కాబట్టి ఆ రక్షణను చేత్తో ఆపేసిన చోట్లు చూడాలి: జాంగోలో ‘సేఫ్’ ఫిల్టర్, రియాక్ట్‌లో ‘డేంజరస్‌లీ సెట్ ఇన్నర్ హెచ్‌టీఎంఎల్’. ప్రాజెక్టు మొత్తంలో ఈ రెండింటిని సెర్చ్ చేస్తే సగం పని అయినట్టే.

సరిదిద్దడమూ చెప్పగలగాలి, ఎక్కువమంది ఫ్రెషర్లు తడబడేది ఇక్కడే. ‘స్క్రిప్ట్ అనే పదాన్ని ఇన్‌పుట్‌లోనే కొట్టేస్తాం’ అంటే కుదరదు. బొమ్మ తెరుచుకోకపోతే కోడ్ నడిపే, ఇమేజ్ ట్యాగ్‌లోని ఆన్ ఎర్రర్‌కి ఆ పదంతో పనే లేదు. డేటా ఎక్కడ తేలుతుందో అక్కడ, ఆ చోటికి తగ్గట్టు ఎన్‌కోడ్ చేయాలి, అంటే ప్రత్యేక గుర్తులను కోడ్‌గా చెల్లని రూపంలోకి మార్చాలి. కస్టమర్ వెబ్‌సైట్ లింకు లాంటి గడిలో అదీ చాలదు. జావాస్క్రిప్ట్ కోలన్‌తో మొదలయ్యే లింకులో ఎన్‌కోడ్ చేయాల్సిన గుర్తులేవీ ఉండకపోవచ్చు, అందుకే లింకు మొదట్లో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ తప్ప మరో స్కీమ్‌ను ఒప్పుకోకూడదు. బోల్డ్, రంగులు అనుమతించే నోట్స్ గడులకు ప్రమాదకరమైన ట్యాగ్‌లను ఏరేసే డామ్ ప్యూరిఫై లాంటి శానిటైజర్ వాడాలి. ఏ స్క్రిప్టులు నడవొచ్చో బ్రౌజర్‌కు చెప్పే కంటెంట్ సెక్యూరిటీ పాలసీ రెండో అంచె రక్షణ. పాత ఈఆర్‌పీల్లో (సంస్థ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్లలో) పేజీ నిండా ఇన్‌లైన్ స్క్రిప్టులుంటాయి, ఒక్కసారిగా పెడితే సగం బటన్లు పనిచేయవు; ఏదీ ఆపకుండా ఉల్లంఘనలను మాత్రమే తెలిపే రిపోర్ట్ ఓన్లీ మోడ్‌తో మొదలుపెట్టమని చెప్పండి.

ఈ ఒక్క లోపాన్నే నమ్ముకుంటే మాత్రం ఉద్యోగం కష్టం. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 టాప్ 10 లోపాల జాబితాలో దీన్ని విడిగా చూపకుండా ఇంజెక్షన్ అనే వర్గంలో కలిపేశారు. మొదటి స్థానం యాక్సెస్ కంట్రోల్ లోపాలది. ఒక సేల్స్‌మన్ ఇంకొకరి ఇన్‌వాయిస్ తెరవగలగడం లాంటివన్నమాట, వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో వీటికి కొదవ లేదు. రెండూ కలిపి నేర్చుకోండి. ముందు జావాస్క్రిప్ట్, డామ్ (బ్రౌజర్‌లో పేజీ నిర్మాణం), సేమ్ ఆరిజిన్ పాలసీ (ఒక సైటు స్క్రిప్ట్ ఇంకో సైటు డేటా చదవకుండా ఆపే నియమం) గట్టి చేసుకుని, పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ల్యాబ్‌లు చేయండి. అవి ఉచితం, చాలావాటికి బ్రౌజర్ రిక్వెస్టులను మధ్యలో ఆపి మార్చే బర్ప్ సూట్ కమ్యూనిటీ ఎడిషన్ సరిపోతుంది. తర్వాత సాధన కోసం కావాలనే లోపాలతో తయారుచేసిన ఓవాస్ప్ జ్యూస్ షాప్.

సీఈహెచ్ రెజ్యుమెను హెచ్‌ఆర్ దాటించడానికి పనికొస్తుంది. దాని రాత పరీక్ష మల్టిపుల్ ఛాయిస్, చేతి పని నేర్పదు. అప్పు చేసి చేరాల్సి వస్తే ఆగండి. ఆ పట్టుదలేదో మీరు ఇప్పటికే పట్టుకున్న లోపం మీద పెట్టండి. తాజా వెర్షన్‌లోనూ వస్తోందో లేదో చూసి, ప్రాజెక్టు సెక్యూరిటీ పాలసీలో చెప్పిన దారిలో ప్రైవేటుగా పంపండి. గిట్‌హబ్‌లో అందరికీ కనిపించే ఇష్యూ తెరవొద్దు. వెర్షన్, రాసే యూజర్ రోల్, చూసే యూజర్ రోల్, అంచెలంచెలుగా స్టెప్పులు, నష్టం, సరిదిద్దే మార్గం ఉండాలి. వీలైతే ప్యాచ్ (సరిదిద్దిన కోడ్) కూడా జతచేయండి. అంగీకరిస్తే సీవీఈ నంబరు (బయటపడిన లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) అడగండి. గుర్తుచేసినా జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు రాయొచ్చు.